ట్రిబ్యూన్ నుంచి నెస్ సిటీ దాకా వంద మైళ్ళు, ఎదురుగాలి: గుంపు విడిపోతే తప్పెవరిది?

వెనకచక్రం

కాన్సస్‌లో నెస్ సిటీ పార్కులో చెట్టు కింద కూర్చుని రాస్తున్నాను. ఈరోజు సైకిళ్ళు కదపడం లేదు, అందరికీ విశ్రాంతి. నిన్నటి సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు. మీలో గుంపుగా దూరాలు తొక్కినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మేం ఎనిమిది మందిమి, అందరం తెలుగువాళ్ళమే. అమెరికాను అడ్డంగా దాటే ట్రాన్స్‌అమెరికా సైకిల్ దారి మీద, కొలరాడోలోని ప్వెబ్లోలో మొదలుపెట్టి మిస్సౌరీ సరిహద్దు దాకా వెళ్ళాలని అనుకున్నాం. వెనక వ్యాను లేదు. డేరా, బట్టలు, వంట సామాను అన్నీ ఎవరి సైకిల్ మీద వాళ్ళవే.

నిన్న పొద్దున అయిదున్నరకు ట్రిబ్యూన్‌లో బయల్దేరాం. లియోటీ 22 మైళ్ళు, అక్కణ్ణుంచి స్కాట్ సిటీ 25, డైటన్ 24, చివరికి నెస్ సిటీ ఇంకో 31. పటం చూస్తే అంతా దిగుడే. ట్రిబ్యూన్ 3,600 అడుగుల ఎత్తులో ఉంటే నెస్ సిటీ 2,250 దగ్గర ఉంది. కానీ గాలి ఆగ్నేయం నుంచి. మేం పోయేది తూర్పుకి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా ముఖం మీద కొడుతూనే ఉంది. అడ్డం పడటానికి ఒక చెట్టు లేదు, ఒక గుట్ట లేదు.

స్కాట్ సిటీ దాకా అందరం ఒకరి వెనక ఒకరం, ముందు ఉండే మనిషిని మార్చుకుంటూ బాగానే వచ్చాం. తర్వాత అయిదుగురు ముందుకు వెళ్ళారు. వెనక మేం ముగ్గురం: నేను, 61 ఏళ్ళ పెద్దాయన ఒకరు, మొదటిసారి ఇంత దూరం తొక్కుతున్న అమ్మాయి ఒకతె. డైటన్‌లో కలుద్దాం అన్నారు. చేరేసరికి పావు తక్కువ నాలుగు. వాళ్ళు లేరు. ఫోన్‌లో ఒక మెసేజ్: "కొట్టు మూసేలోపు నెస్ సిటీ వెళ్తున్నాం, మెల్లగా రండి."

మంచి పంపు, ట్యూబుల సంచి వాళ్ళ దగ్గర ఉన్నాయి. బలంగా తొక్కేవాళ్ళు బరువు మోస్తారని ప్వెబ్లోలో అలా పంచుకున్నాం. డైటన్ దాటాక మాకు మూడు పంక్చర్లు. చేతిలో ఒక్క ట్యూబు, ఒక చిన్న పంపు, ఎండిపోయిన జిగురు. నీళ్ళు అయిపోయాయి. ఆపైన ఉరుములు. రాత్రి పదింపావుకు ఊళ్ళోకి వచ్చాం.

నా ప్రశ్న ఒక్కటే. కలిసి బయల్దేరినప్పుడు వెనకవాళ్ళ కోసం ఆగడం బాధ్యతా, లేక నేనే ఎక్కువ ఆశిస్తున్నానా?

బ్రెవే_బాబు

అక్కా, ముందు అందరూ క్షేమంగా చేరారు, అది చాలు. కానీ నా మాట మీకు నచ్చకపోవచ్చు. హైదరాబాద్‌లో మేం బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలు తొక్కుతాం. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు. అక్కడ మొదటి పాఠం ఏంటంటే నీ ట్యూబు నీ దగ్గర, నీ పంపు నీ దగ్గర. పక్కవాడు సాయం చేస్తే సంతోషం, చేయకపోయినా నువ్వు ఇంటికి చేరాలి. సామాను పంచుకున్న రోజే పొరపాటు జరిగింది, డైటన్‌లో కాదు.

పాతసైకిల్

బ్రెవే వేరు, ఇది వేరు బాబూ. బ్రెవేలో ఎవరి కార్డు వాళ్ళది. గుంపుగా ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఎనిమిది మందీ ఒక బండి కింద లెక్క. బండిలో ఒక చక్రం ముందు చేరిపోతే బండి చేరినట్టా?

రెజైనా_చలి

నేనుండేది కెనడాలో, సాస్కాచెవాన్ రాష్ట్రం, రెజైనా. ఇక్కడా అదే ప్రెయిరీ, గడ్డి మైదానం. ఎదురుగాలి రోజు గుంపు ఎందుకు విడిపోకూడదో అనుభవంతో చెప్తా. ముందువాడి వెనక దగ్గరగా తొక్కితే మన కష్టం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఎనిమిది మంది వరుసలో ఒక్కొక్కరూ ముందుండేది కొద్దిసేపే. అదే ముగ్గురైతే ప్రతివాళ్ళూ మూడో వంతు సమయం గాలి మొత్తం తామే మోయాలి. అంటే బలహీనులు ముగ్గుర్ని విడదీస్తే వాళ్ళు ఇంకా బలహీనులవుతారు. ముందు అయిదుగురికి గంట కలిసొచ్చింది, వెనకవాళ్ళకు రెండు గంటలు పోయింది. లెక్క చూసినా నష్టమే.

కొత్తగేరు

పడమర నుంచి తూర్పుకి వెళ్తే వెనకగాలి ఉంటుందని అందరూ అంటారు కదా? వచ్చే ఏడాది నేను అలాగే అనుకుంటున్నా. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

రెజైనా_చలి

అది పైన ఎగిరే విమానాలకు. కాన్సస్‌లో ఎండాకాలం గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వస్తుంది. తూర్పుకి వెళ్ళినా పడమరకు వెళ్ళినా పక్కగాలే. అది కాస్త ఆగ్నేయానికి తిరిగితే తూర్పుకి వెళ్ళేవాడికి ఎదురు, నైరుతికి తిరిగితే వాలు. ముందుగా తెలిసే దారి లేదు. పొద్దున నాలుగింటికి లేచి, గాలి లేవకముందే వీలైనంత దూరం లాగేయడమే.

అనంతపురం_చెనక్కాయ

మూడు పంక్చర్లు ఒకేసారి ఎట్ల పడ్డాయక్కా? మేకులేమైనా పోసినారా రోడ్డు మీద?

వెనకచక్రం

మేకులు కాదు తమ్ముడూ, పల్లేరు కాయలు! డైటన్‌కీ నెస్ సిటీకీ మధ్యలో బీలర్ అని చిన్న ఊరు. అక్కడ రోడ్డు పక్కన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరుతో ఫలకం ఉంది. చెనక్కాయ మీద అంత పని చేసిన కార్వరే. 1886లో ఆయన ఇక్కడికి వచ్చి, ప్రభుత్వం ఇచ్చే భూమి పట్టుకుని, మట్టిగడ్డలతో ఇల్లు కట్టుకుని వ్యవసాయం చేశాడట. మా తాతది నంద్యాల దగ్గర చెనక్కాయ చేను. ఆ పేరు చూసి ఆగకుండా ఎలా పోతాను? సైకిళ్ళు గడ్డిలోకి తోసి, ఫలకం చదివి, ఫోటో తీసుకుని వచ్చాం. టైరు చూస్తే అయిదారు ముళ్ళు దిగి ఉన్నాయి. చిన్నప్పుడు ఉత్త కాళ్ళతో తొక్కిన ముళ్ళే, అదే పసుపు పువ్వు, అదే నేల మీద పాకే తీగ. ఇక్కడ దాన్ని మేక తల అంటారు. గాలి వెంటనే పోలేదు. మూడు మైళ్ళు పోయాక ఒకరిది, ఇంకాస్త పోయాక మిగతా ఇద్దరిదీ కూర్చుంది.

అనంతపురం_చెనక్కాయ

మా పల్లేరు అమెరికా దాకా పోయిందా! మా నాయన అనేవాడు, కాయ పగిలితే అయిదు ముక్కలు, ఏ ముక్క ఎట్ల పడినా ఒక ముల్లు పైకే చూస్తాంటాదని. కార్వర్ అంత కరువు నేల మీద సేద్యం చేసినాడంటే మాకు అర్థమైతాది. అక్కా, ఆ ఫలకం ఫోటో పెట్టండి, మా నాయనకు చూపిస్తా.

డాక్టరమ్మ_టల్సా

నీళ్ళ సంగతి అడగాలి. ఎంత ఎండ ఉంది, ఎన్ని సీసాలు పట్టుకున్నారు, ఏం తిన్నారు?

వెనకచక్రం

మధ్యాహ్నం 98 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది, అంటే మన లెక్కలో 37కు కాస్త తక్కువ. తలా మూడు సీసాలు. పొద్దున చింతపండు పులిహోర కలిపి సంచుల్లో కట్టుకున్నాం, స్కాట్ సిటీలో అది తిన్నాం. తర్వాత బిస్కెట్లు. సాయంత్రానికి మా అమ్మాయికి తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉందంది. నీళ్ళు మాత్రం తాగుతూనే ఉంది.

డాక్టరమ్మ_టల్సా

అదే నా భయం. అంత చెమట పోయేటప్పుడు ఉత్త నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, తికమక అన్నీ దానికీ ఉంటాయి, వడదెబ్బకీ ఉంటాయి. రోడ్డు మీద తేడా కనిపెట్టడం కష్టం. పులిహోర చాలా మంచి ఆలోచన, ఉప్పూ పిండిపదార్థం రెండూ ఉన్నాయి. కానీ పన్నెండింటికి తిన్నది సాయంత్రం ఆరింటిదాకా ఆగదు. ఓఆర్ఎస్ పొట్లాలు ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి. ఒకరి సంచిలో కాదు, ప్రతి జేబులో. ఎవరైనా మాట తడబడుతుంటే, అడిగినదానికి సంబంధం లేకుండా జవాబిస్తుంటే ఆ రోజు సైకిల్ ఎక్కనివ్వొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చిన్నపెడల్

ఆ అమ్మాయిని నేనే. ఇప్పుడు బాగున్నాను. ఆంటీ రాయనిది నేను రాస్తాను. నాకు కళ్ళు తిరిగినప్పుడు ఆంటీ తన చివరి సీసా నాకిచ్చి, తనకు దాహం లేదని చెప్పింది. తర్వాత గంటసేపు తను ఏమీ తాగలేదు. అంకుల్ అయితే మా ఇద్దరినీ వెనక ఉంచి గాలికి తనే ముందుండి తొక్కారు. 61 ఏళ్ళాయన! ముందు వెళ్ళినవాళ్ళ మీద నాకు కోపం ఉంది. అది దాచుకోను.

సన్నటైరు

ఆ అయిదుగురిలో నేనొకణ్ణి. పక్క డేరాలోనే ఉన్నాను. ఎదురెదురుగా మాట్లాడితే మాట తూలుతుందని ఇక్కడే రాస్తున్నా.

మేం సరదా కోసం వదిలి వెళ్ళలేదు. గ్రీలీ కౌంటీ దాటి లియోటీ వైపు వచ్చేటప్పుడు గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. ట్రిబ్యూన్ మౌంటెన్ టైమ్‌లో ఉంది, లియోటీ సెంట్రల్ టైమ్‌లో. అంతకుముందు రాత్రి రోజంతా ఎలా నడవాలో లెక్కేసింది నేనే, ఆ గంట మర్చిపోయాను. డైటన్‌లో కొట్టు గోడ మీద గడియారం చూశాక తెలిసింది. నెస్ సిటీలో కొట్టు ఆరున్నరకు మూస్తారని ఫోన్ చేస్తే చెప్పారు. ఎనిమిది మందికి రాత్రి తిండి లేదు, మర్నాడు పొద్దునకు లేదు. మేం అక్కడే కూర్చుని ఉంటే ఎవరికీ దొరికేది కాదు. ఆరుంపావుకు చేరి బ్రెడ్, అరటిపళ్ళు, పాలు, గుడ్లు ఎనిమిది మందికీ కొన్నాం.

ఏడుంపావు దాకా చూశాం. ఫోన్ కలవలేదు. పావు తక్కువ ఎనిమిదికి ఇద్దరం నీళ్ళ సీసాలు, ట్యూబులు, పంపు తీసుకుని వెనక్కి తొక్కాం. పదకొండు మైళ్ళు వచ్చాం. రోడ్డు మీద మీరెవరూ లేరు. పడమర నుంచి మెరుపులు దగ్గరపడుతున్నాయి. చుట్టూ బయలు, మేమే అన్నిటికంటే ఎత్తు. అక్కడ తిరిగాం. చివరి మైలు వానలో తడిశాం. వస్తూనే షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసి ముగ్గురు కనబడటం లేదని చెప్పాం.

వెనకచక్రం

వెనక్కి వచ్చారా? నిన్న రాత్రి ఈ మాట ఎవరూ చెప్పలేదు.

సన్నటైరు

మీరు దిగగానే ఎవరితోనూ మాట్లాడకుండా డేరాలోకి వెళ్ళిపోయారు అక్కా. ఆ ముఖం చూశాక మేం ఇంత చేశాం అని చెప్పుకోవాలనిపించలేదు.

పాతసైకిల్

పదకొండు మైళ్ళు వచ్చారంటే వీళ్ళు ఎదురుపడాలి కదా. ఎక్కడున్నారు అప్పుడు?

వెనకచక్రం

ఒక రైతు ఇంట్లో. ఊరికి సుమారు పది మైళ్ళ దూరంలో. మేం సైకిళ్ళు తోసుకుంటూ నడుస్తుంటే ఒక పికప్ ఆగింది. పెద్దవయసు రైతు. గోధుమ కోత సగంలో ఉంది, ఆయనకు తొందర. వడగళ్ళు పడితే ఏడాది పంట నేలపాలు. అయినా ఆగి, సైకిళ్ళు వెనక వేసుకుని, రోడ్డుకు అరమైలు లోపల ఉన్న ఇంటి దగ్గర దించి, భార్యకు మమ్మల్ని అప్పగించి మళ్ళీ చేలోకి పరిగెత్తాడు. ఆవిడ నీళ్ళు, ఐసు, ఉప్పు బిస్కెట్లు, కీరా ఊరగాయ పెట్టింది. ఆ ఊరగాయ నీళ్ళు కూడా తాగేశాం. వసారాలో కూర్చుంటే దూరంగా కోత యంత్రాల దీపాలు, వాటి వెనక మెరుపులు.

అంటే మీరు ఆ ఇంటి ముందు నుంచే వెళ్ళి ఉంటారు. మేం లోపల ఉన్నాం. సైకిళ్ళు కొట్టంలో ఉన్నాయి. నాకిప్పుడు ఏం రాయాలో తెలియడం లేదు.

చిన్నపెడల్

నాకూ ఇది తెలియదు అన్నా. పొద్దున మీతో మాట్లాడకుండా కాఫీ తీసుకుని వెళ్ళిపోయినందుకు సారీ. కోపం మొత్తం పోలేదు, కానీ సగం పోయింది.

సన్నటైరు

ఆ సగం ఉండాల్సిందే చెల్లీ. పంపు సంగతికి నా దగ్గర జవాబు లేదు. డైటన్‌లో బయల్దేరేటప్పుడు ఆ సంచి కొట్టువాళ్ళ దగ్గర వదిలి, "మా వాళ్ళు వస్తారు, ఇవ్వండి" అంటే సరిపోయేది. ఒక్క నిమిషం పని. అయిదుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

బ్రెవే_బాబు

ఆ ఒక్క వాక్యంతో నేనూ ఒప్పుకుంటున్నా. ముందు వెళ్ళడం తప్పు కాదు, సామానుతో వెళ్ళడం తప్పు.

పాతసైకిల్

నేను ఒప్పుకోను. కొట్టుకు వెళ్ళాలంటే ఇద్దరు చాలు. మిగతా ముగ్గురు డైటన్‌లో ఆగి ఉంటే వెనక ఆరుగురు అయ్యేవాళ్ళు. రెజైనా చెప్పిన గాలి లెక్క చూడండి. అయిదుగురు వెళ్ళడం కొట్టు కోసం కాదు, కాళ్ళు ఊరుకోక. ఆ వయసులో నేనూ అంతే చేశాను, అందుకే తెలుసు. 1984లో గుంటూరు నుంచి శ్రీశైలం ఆరుగురం హీరో సైకిళ్ళ మీద వెళ్ళాం, గేర్లు లేవు. ఘాటులో ఒకణ్ణి వెనక వదిలేశాం. వాడు రాత్రంతా ఫారెస్టు చెక్‌పోస్టులో పడుకుని పొద్దున బస్సెక్కి ఇంటికి పోయాడు. మళ్ళీ మాతో ఎక్కడికీ రాలేదు. నలభై ఏళ్ళయింది, ఇప్పటికీ వాడి పెళ్ళికి వెళ్ళలేకపోయానని బాధ. పిలవలేదు మరి.

సన్నటైరు

మీరన్నది నిజమే పెద్దాయనా. ఇద్దరు చాలు.

కొత్తగేరు

ఆగండాగండి, పంక్చర్లు ఎలా వేసుకున్నారో చెప్పలేదు. నాకు అది కావాలి.

వెనకచక్రం

రైతు కొట్టంలో కంప్రెసర్ ఉంది. కానీ దాని నాజిల్ కారు వాల్వుకు పట్టేది. మా ట్యూబులకు ఉండేది సన్నటి ప్రెస్టా వాల్వు. మా పెద్దాయన పర్సులోంచి గోరంత ఇత్తడి బిళ్ళ ఒకటి తీశారు. దాన్ని సన్న వాల్వు మీద బిగిస్తే కారు వాల్వు అయిపోతుంది. పదేళ్ళుగా పర్సులో ఉందట, మొదటిసారి వాడారు. ఆవిడ ఇంట్లో కొత్త జిగురు, పాత ట్రాక్టరు ట్యూబు ముక్కలు ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది, మన ఊళ్ళో రిపేరు షాపువాడు వేసినట్టే వేశాం. నీళ్ళ బకెట్‌లో ముంచి బుడగలు చూశాం.

వాన ఆగాక తొమ్మిదింపావుకు బయల్దేరాం. పికప్ చేలో ఉంది, ఆవిడ చిన్న కారులో మూడు సైకిళ్ళు పట్టవు. అందుకని పది మైళ్ళూ మా వెనకే, దీపాలు మిణుకుమిణుకుమనిపిస్తూ, మేం తొక్కే వేగానికి కారు నడిపింది. గాలి పడిపోయింది. తడిసిన గోధుమ గడ్డి వాసన. ఆ పది మైళ్ళు నా జీవితంలో మర్చిపోను. ఊరి మొదట్లో చెయ్యి ఊపి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది.

అనంతపురం_చెనక్కాయ

చదువుతాంటే కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. రైతు ఇల్లు ఏడైనా అంతే.

డాక్టరమ్మ_టల్సా

ఊరగాయ నీళ్ళు! అది ఆ సమయానికి సరైన మందు.

రెజైనా_చలి

కొత్తగేరు, పల్లేరు ఉన్న ప్రాంతంలో ఏం చేయాలంటే: రోడ్డు దిగితే సైకిల్ ఎత్తి పట్టుకోండి, గడ్డిలో తోయొద్దు. టైరు లోపల ప్లాస్టిక్ పట్టీ వేసుకోవచ్చు, బరువు పెరుగుతుంది కానీ పని చేస్తుంది. ట్యూబ్‌లెస్ అయితే సీలెంట్, అంటే చిల్లు మూసే ద్రవం, కొత్తగా పోసుకుని బయల్దేరండి. ఆపినప్పుడల్లా అరచేత్తో టైరు మెల్లగా తడిమి చూడండి.

కొత్తగేరు

థాంక్స్ అండీ. ఊళ్ళ మధ్య దూరం ఇంకో భయం. 31 మైళ్ళు ఒక్క కొట్టు లేకుండానా?

సన్నటైరు

పశ్చిమ కాన్సస్ అంతా అంతే. ప్రతి ఊరికీ ధాన్యం ఎలివేటర్ ఉంటుంది, అంటే ధాన్యం నిల్వచేసే తెల్లటి కాంక్రీటు గొట్టాలు. గుడి గోపురం లాగా ఎనిమిది, పది మైళ్ళ ముందు నుంచే కనబడుతుంది. ఊరొచ్చేసింది అనుకుని నీళ్ళు తాగేయకండి. గంట తొక్కినా అది అక్కడే ఉంటుంది. ఇంకో సంగతి, చాలా ఊళ్ళు సైకిల్ యాత్రికుల్ని పార్కులో డేరా వేసుకోనిస్తాయి. ముందుగా ఊరి పోలీసుకో షెరీఫ్‌కో ఒక మాట చెప్తే చాలు. మునిసిపల్ ఈతకొలనులో స్నానం కూడా దొరుకుతుంది, మూసేలోపు చేరితే.

కొత్తగేరు

దారంతా గోధుమేనా? చూడ్డానికి ఏమీ ఉండదు, విసుగు అని చదివాను.

వెనకచక్రం

విసుగా? నేను ఒప్పుకోను. పొద్దున ఆరింటికి మీడోలార్క్ అనే పసుపు రొమ్ము పిట్ట ప్రతి కంచె గుంజ మీదా కూర్చుని పాడుతుంది. పొట్టి గడ్డి మీద మేఘం నీడ పరిగెత్తుకుంటూ వచ్చి మన మీదుగా వెళ్ళిపోవడం కనబడుతుంది. కొండల్లో అంత ఆకాశం ఎప్పుడూ చూడలేదు. పైగా గోధుమ ఒక్కటే కాదు. చాలా చేలల్లో జానెడు ఎత్తు పైరు చూసి మొక్కజొన్న అనుకున్నాను. రైతు భార్య చెప్పింది, అది జొన్న, ఇక్కడ మైలో అంటారు. అమెరికాలో జొన్న అందరికంటే ఎక్కువ పండించేది కాన్ససేనట. ఎక్కువ భాగం పశువుల దాణాకే పోతుంది. మా ఇంట్లో రొట్టె చేసుకుంటాం అంటే ఆవిడ నమ్మలేదు. రెండు చేతుల మధ్య రొట్టె ఎలా తడతారో గాల్లో చేసి చూపించాను.

పాతసైకిల్

ప్రెయిరీలు, పంపాలు, స్టెప్పీలు, వెల్డులు, డౌన్‌లు. స్కూల్లో బట్టీ పట్టి మూడు మార్కులు తెచ్చుకున్నాం. ఆ మొదటి మాటలో ఇంత ఉందని ఇన్నేళ్ళకు తెలిసింది.

రెజైనా_చలి

అసలైన ఎత్తు గడ్డి చూడాలంటే తూర్పు కాన్సస్ ఫ్లింట్ హిల్స్ దాకా ఆగాలి. ఒకప్పటి ఎత్తు గడ్డి ప్రెయిరీలో మిగిలింది నాలుగు శాతం లోపే, అందులో ఎక్కువ భాగం అక్కడే. కింద సున్నపురాయి, చెకుముకి రాళ్ళు ఉండటం వల్ల నాగలి దిగలేదు, అందుకే బతికింది.

బ్రెవే_బాబు

నాకొక సందేహం. ఇంత రిస్క్ లేకుండా సామాను లారీలో వచ్చే ట్రిప్‌లు ఉంటాయి కదా?

సన్నటైరు

ఉన్నాయి. బైకింగ్ అక్రాస్ కాన్సస్ 1975 నుంచి ప్రతి జూన్‌లో జరుగుతుంది, వారం రోజుల పైన పడుతుంది, సామాను వాళ్ళే మోస్తారు. మొదటిసారి వచ్చేవాళ్ళకు అది మంచి దారి. మేం తొక్కుతున్న ట్రాన్స్‌అమెరికా దారి 1976లో అమెరికా ద్విశతాబ్ది సందర్భంగా మొదలైంది. ఆరెగాన్ నుంచి వర్జీనియా దాకా 4,200 మైళ్ళ పైన. ఆ ఏడాది నాలుగు వేల మంది దాకా ఈ దారి మీద తొక్కారు. అందుకే ఈ ఊళ్ళవాళ్ళకు సైకిల్ వాళ్ళంటే కొత్త కాదు.

చిన్నపెడల్

ఇప్పుడే అందరం మెయిన్ స్ట్రీట్‌లో నాలుగంతస్తుల రాతి భవనం చూసి వచ్చాం. 1890 నాటి బ్యాంకు. మైదానాల ఆకాశహర్మ్యం అంటారు దాన్ని. నవ్వకండి, రెండు రోజుల నుంచి ఎలివేటర్లు తప్ప ఎత్తయినదేదీ చూడని కళ్ళకు అది నిజంగానే ఆకాశహర్మ్యం. ఎనిమిది మందీ ఒక ఫోటోలో ఉన్నాం.

పాతసైకిల్

ఎనిమిది మందీ. అదే కావాలి.

వెనకచక్రం

సాయంత్రం పార్కు బల్ల మీద సామానంతా పోసి మళ్ళీ పంచుకున్నాం. ప్రతి సైకిల్‌కూ రెండు ట్యూబులు, ఒక పంపు, ఓఆర్ఎస్ నాలుగు పొట్లాలు. పంపులు మూడే ఉన్నాయి, మిగతావి హచిన్సన్‌లోనో న్యూటన్‌లోనో కొనాలి. అప్పటిదాకా ఒక పంపు ఎప్పుడూ చివరి సైకిల్ మీదే ఉంటుంది. ఊరొచ్చాక ఎలివేటర్ కింద నీడలో అందరూ ఆగాలి, చివరి మనిషి నీళ్ళు తాగాక పది నిమిషాలు లెక్క. ఎదురుగాలి రోజు అసలు విడిపోకూడదు. కొట్టుకు వెళ్ళాల్సి వస్తే ఇద్దరే.

ఒకరు మాత్రం ఒప్పుకోలేదు. ఇంత మెల్లగా తొక్కితే తన మోకాలు నొప్పి పుడుతుందని, లార్నెడ్ నుంచి ఒంటరిగా వెళ్తానన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే చెప్పాడు. మంచిదన్నాం. ముందే చెప్పి వెళ్తే బాధ లేదు.

బ్రెవే_బాబు

అతని మోకాలి సంగతి నేను నమ్ముతాను. మనది కాని వేగంతో రోజంతా తొక్కడం నిజంగా కష్టం. సీటు ఎత్తు ఒకసారి చూసుకోమనండి.

అనంతపురం_చెనక్కాయ

ఫలకం ఫోటో పెట్టలేదక్కా.

వెనకచక్రం

పెడుతున్నా తమ్ముడూ. కుడివైపు మూలలో, ఫలకం కింద గడ్డిలో పసుపు పూలు కనబడుతున్నాయి చూడు. అప్పుడు చూసుకోలేదు.

అనంతపురం_చెనక్కాయ

మా నాయన చూసినాడు. పల్లేరే అంటున్నాడు. రైతమ్మ అడ్రసు ఉంటే జొన్నరొట్టెలు ఎట్ల చేస్తారో రాసి పంపమంటున్నాడు.

వెనకచక్రం

అడ్రసు తీసుకున్నాను. హచిన్సన్‌లో పోస్టాఫీసు చూసుకుని, ఎనిమిది మంది సంతకాలతో కార్డు పంపుతాం. విడిగా వెళ్తున్న తమ్ముడి సంతకం ఈ రాత్రే పెట్టించుకోవాలి. రేపు పొద్దున నాలుగున్నరకు బయల్దేరుతున్నాం. గాలి మళ్ళీ దక్షిణమే అంటున్నారు.